అప్పగింత లేని డిశ్చార్జి

పొద్దున రౌండ్స్‌లో పెద్ద డాక్టరు ‘ఇవాళ పంపించేయొచ్చు’ అనగానే పేషెంటు తరఫు వాళ్ల మొహాలు విప్పారతాయి. అక్కణ్నుంచి సాయంత్రం దాకా వాళ్ల రోజంతా బిల్లింగ్ కౌంటరు ముందే గడిచిపోతుంది. వాడని మందులు ఫార్మసీకి వాపసివ్వాలి, ల్యాబు లెక్క తేలాలి, బీమా వాళ్ల అనుమతి రావాలి. మన దగ్గర డిశ్చార్జి అనే మాటకు స్థిరపడిన అర్థం ఇదే: బిల్లు కట్టి మంచం ఖాళీ చేయడం. 2024 మే నెలలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒక ఆదేశం ఇచ్చింది. ఆస్పత్రి నుంచి డిశ్చార్జి అభ్యర్థన అందిన మూడు గంటల్లోగా బీమా కంపెనీ తుది అనుమతి ఇవ్వాలి, ఆలస్యం వల్ల ఆస్పత్రి అదనంగా వసూలు చేస్తే ఆ భారం కంపెనీయే మోయాలి అని. అవసరమైన ఆదేశమే. కానీ ఈ మధ్యకాలంలో డిశ్చార్జి గురించి ఇంటింటా మాట్లాడుకున్న సంస్కరణ ఏదైనా ఉంటే అది ఇదొక్కటే, అదీ బిల్లు గురించే. ఆ మూడు గంటల్లో ఇంటికి వెళ్లబోయే మనిషికి ఎవరు ఏం నేర్పాలి, ఆ మనిషిని రేపటి నుంచి ఎవరు చూడాలి అన్న ప్రశ్న ఆ చర్చలో ఎక్కడా వినిపించలేదు. జరిగేది మనందరికీ తెలుసు. నర్సు ఒక ఫైలు చేతికిస్తుంది. అందులో ఇంగ్లిషులో రెండు మూడు పేజీల సమ్మరీ ఉంటుంది, మందుల పేర్ల పక్కన ఓడీ, బీడీ, టీడీఎస్ అని పొడి అక్షరాలుంటాయి, అట్టడుగున ‘వారం తర్వాత రివ్యూ’ అని ఉంటుంది. నర్సు వేలితో చూపిస్తూ గబగబా చదివేస్తుంది. వీల్‌చైరు వస్తుంది.

ఈ అలవాటును ఒక అభిప్రాయం నిలబెడుతోంది. వైద్యులు, యాజమాన్యాలు, అధికారులు, చాలామంది రోగుల బంధువులు కూడా దాన్ని తేడా లేకుండా చెబుతారు. ఆస్పత్రి పని రోగిని గండం గట్టెక్కించడం వరకే, ఆపైన చూసుకోవడానికి కుటుంబం ఉంది అంటారు. ఇంటికి పంపే ఏర్పాట్లు ముందే చేసే డిశ్చార్జి ప్లానింగ్, రోగి వెంట ఒక మనిషి ఉండి వైద్యాన్ని సమన్వయం చేసే కేస్ మేనేజ్‌మెంట్ అనేవి ముసలివాళ్లు ఒంటరిగా బతికే దేశాల్లో పుట్టిన ఏర్పాట్లని, అక్కడే అవి పరీక్షకు నిలబడలేదని, నిలబడినా మనకంత డబ్బూ మనుషులూ లేరని అంటారు. ఇందులో ప్రతి మాటలోనూ కొంత నిజం ఉంది కాబట్టే ఇన్నాళ్లు నిలిచింది. కానీ ఈ మాటలన్నీ కలిసి చేరే నిర్ణయం తప్పు. ఇంటికి పంపడం వైద్యం ముగిశాక జరిగే కాగితం పని కాదు, వైద్యంలో భాగం. వైద్యం చేతులు మారే ఘట్టం అది. పెళ్లిలో అప్పగింతలంటే ఏమిటో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పిల్ల చెయ్యి ఎవరి చేతిలో పెడుతున్నామో తెలుసు, అందుకునేవాళ్లు ఎదురుగా నిలబడి ఉంటారు. మన ఆస్పత్రుల్లో అప్పగించేవాళ్లున్నారు, అందుకునేవాళ్ల పేరు మాత్రం ఏ కాగితం మీదా ఉండదు.

గుమ్మం దాటి ఇంటికి వెళ్లేదేమిటో ముందు చూద్దాం. పక్షవాతం వచ్చిన మనిషి ముక్కులో రైల్స్ ట్యూబుతో, పక్కన వేలాడే యూరిన్ బ్యాగుతో ఇల్లు చేరతాడు. ట్యూబులో ఆహారం పోసే ముందు అది కడుపులోనే ఉందో లేదో చూడాలి, తల ఎత్తి పెట్టాలి, పోశాక వెంటనే పడుకోబెట్టకూడదు. రాత్రీ పగలూ గంటల లెక్కన పక్కకి తిప్పుతూ ఉండాలి, లేకపోతే తుంటి మీద, మడమల మీద పుండ్లు పడతాయి. వార్డులో ఈ పనులకు శిక్షణ పొందిన మనిషి కావాలి. ఇంట్లో అదే పని, ఆ క్షణం దాకా ఎప్పుడూ చేయని భార్య మీదో కోడలి మీదో పడుతుంది. గుండె బలహీనపడి, ఒళ్లు నీరు పట్టి చేరిన మనిషి సంగతి ఇంకోలా ఉంటుంది. అతను రోజూ పొద్దున బరువు చూసుకోవాలి, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా వెంటనే చెప్పాలి. ఎవరికి చెప్పాలి అన్నది సమ్మరీలో ఉండదు. ‘ఉప్పు తగ్గించండి’ అంటే మన ఇళ్లలో కూరలో ఉప్పు తగ్గుతుంది, ఆవకాయా అప్పడమూ కంచంలో అలాగే ఉంటాయి, ఎందుకంటే అవి కూడా ఉప్పేనని విడమరిచి చెప్పినవాళ్లు లేరు. రక్తం పలచబడే మందు కొందరిలో రక్త పరీక్ష ఫలితాన్ని బట్టి మోతాదు మార్చుకుంటూ వాడాల్సినది, ఆ పరీక్ష తప్పితే ప్రమాదం. మన దగ్గర ఒకే మందు పదుల కొద్దీ కంపెనీ పేర్లతో దొరుకుతుంది కాబట్టి ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇంట్లో పాత బీపీ మాత్రల స్ట్రిప్ ఉంటుంది, ఆస్పత్రి అదే మందును వేరే పేరుతో రాస్తుంది. పాతది మానేయమని ఎవరూ చెప్పకపోతే రోగి రెండూ వేసుకుంటాడు. నాలుగో రోజు కళ్లు తిరిగి పడిపోతే దాన్ని ‘నీరసం’ అంటాం. ఇందులో ఏదీ జబ్బు తిరగబెట్టడం కాదు, అన్నీ చేతులు మారేచోట జారిపోయినవే.

ఈ జారిపోవడాన్ని లెక్క కట్టి చూపిన అధ్యయనం ఒకటి 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అమెరికా మెడికేర్ పథకం కింద ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లిన వృద్ధుల్లో 19.6 శాతం మంది, అంటే ఐదుగురిలో ఒకరు, నెల తిరక్కుండా మళ్లీ ఆస్పత్రిలో చేరారు. ఆపరేషన్లు కాకుండా మామూలు జబ్బులతో చేరి ఇలా తిరిగొచ్చిన వాళ్లలో సగంమందికి ఆ మధ్యకాలంలో ఏ డాక్టరూ చూసినట్టు బిల్లు లేదు. ఆలోచించాల్సింది ఈ రెండో సంగతి. రోగి ఒక వైద్యుడి చేతిలోంచి బయటపడ్డాడు, ఇంకొకరి చేతికి చేరలేదు. అది అమెరికా లెక్క, దాన్ని తెచ్చి మన ఆస్పత్రులకు అతికించడం తప్పు. కానీ ప్రతి ఖర్చుకూ బిల్లుండి, ప్రతి బిల్లూ ఒకేచోటికి చేరే వ్యవస్థలోనే సగంమంది కంటికి కనిపించకుండా పోయారంటే, హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకుని ఆసిఫాబాద్ వెళ్లే మనిషి, విశాఖలో స్టెంటు వేయించుకుని పాడేరు వెళ్లే మనిషి ఎంతమేరకు కనబడతారో ఊహించవచ్చు.

ఇక కుటుంబం సంగతి. ఎదుటి పక్షం వాదనల్లో అన్నిటికంటే గౌరవించాల్సింది ఇదే, తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మన వార్డులు నడుస్తున్నదే కుటుంబాల మీద. మంచం కింద చాప పరుచుకుని పడుకునేదీ, స్ట్రెచరు తోసేదీ, మందుల చీటీ పట్టుకుని పరిగెత్తేదీ, సెలైన్ అయిపోతోందని సిస్టర్‌ని పిలిచేదీ వాళ్లే. ఈ ప్రేమ, ఈ ఓర్పు ఎన్ని కోట్లు పోసినా కొనలేనివి. అయితే ప్రేమ ఉన్నంత మాత్రాన మోతాదు తెలియదు. ఎంతగా ప్రేమించే కొడుక్కైనా పుండు ఎర్రబడితే మామూలా, చీము పడుతోందా అన్నది ఎవరో ఒకరు చూపించి చెప్పాలి. పైగా ‘కుటుంబం చూసుకుంటుంది’ అనే వాక్యంలో కుటుంబం అంటే సాధారణంగా ఒక ఆడమనిషి. ఆమె కూలికో బడికో ఆఫీసుకో పోయే మనిషైతే ఆ నెల సంపాదన పోయినట్టే. పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉండి, ఊళ్లో ముసలి దంపతులిద్దరే మిగిలిన ఇళ్లు కోస్తా జిల్లాల్లో ఎన్నో. అక్కడ చూసుకునే కుటుంబం అంటే డెబ్భై ఏళ్ల భర్తను ఎత్తి కూర్చోబెట్టాల్సిన అరవై ఐదేళ్ల భార్య. ఈ వాస్తవాన్ని ప్రభుత్వమే ఒకసారి ఒప్పుకుంది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘ఆరోగ్య ఆసరా’ పేరుతో, ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 రూపాయలు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. ఇంట్లో కోలుకోవడానికి ఖర్చవుతుందని, దాన్ని పూర్తిగా కుటుంబం మీద వదిలేయడం న్యాయం కాదని దాని అర్థం. ఆ డబ్బుతో పాటు దారి చూపే మనిషిని కూడా ఇచ్చి ఉంటే ఆ ఆలోచన పూర్తయ్యేది.

కుటుంబం మీదే భారం వేస్తే ఏమవుతుందో మన దేశంలోనే పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు. అటెండ్ అనే ఆ ప్రయోగ ఫలితాలు 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. 14 ఆస్పత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగుల్ని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టులో ఇంటి మనిషికి వ్యాయామాలు, కదిలించే పద్ధతులు నేర్పి, ఇంటికెళ్లాక కూడా కొన్నిసార్లు వెళ్లి చూసొచ్చారు. రెండో జట్టుకు మామూలుగా దొరికే వైద్యమే. ఆరు నెలల తర్వాత చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడి బతుకుతున్నవాళ్లు కలిపి రెండు జట్లలోనూ 47 శాతమే. ఈ ఫలితం నా వాదనకూ ఇబ్బందికరమైనదే, దాన్ని దాచను. ఇంటి మనిషికి నేర్పితే అంతా చక్కబడుతుందని నమ్మేవాళ్లెవరైనా ఉంటే వాళ్లు దీన్ని ఎదుర్కోక తప్పదు. కానీ ఆ ప్రయోగం పరీక్షించింది దేన్ని? ఫిజియోథెరపిస్టు చేయాల్సిన పనిని కుటుంబానికి బదిలీ చేస్తే ఫలితం ఉంటుందా అన్నదాన్ని. ఉండదని తేలింది. పరిశోధకులు కూడా ఇలా కుటుంబం మీదికి పని మళ్లించే సేవల మీద డబ్బు పెట్టడాన్ని తమ ఫలితాలు సమర్థించవని రాశారు. అంటే శిక్షణ ఇచ్చి, ఇంటికెళ్లి చూసొచ్చి, ఇంత శ్రద్ధ పెట్టినా కుటుంబం వైద్య సిబ్బందికి ప్రత్యామ్నాయం కాలేకపోయింది. ఏ శిక్షణా లేకుండా ఒక ఫైలు చేతికిచ్చి ‘మీరు చూసుకుంటారు కదా’ అనడాన్ని ఈ ఫలితంతో సమర్థించలేం.

డిశ్చార్జి ప్లానింగ్ విదేశీ సరుకు అనే వాదనకు చరిత్రే జవాబు. 1983లో అమెరికా మెడికేర్ ఆస్పత్రులకు చెల్లించే పద్ధతిని మార్చింది. అంతకుముందు ఎన్నాళ్లుంచితే అంత ఖర్చు ఇచ్చేవారు. ఆ ఏడాది నుంచి జబ్బును బట్టి ఇంత అని ముందే నిర్ణయించిన మొత్తం ఇవ్వడం మొదలైంది. రోగి పది రోజులున్నా ఐదు రోజులున్నా వచ్చేది అంతే కాబట్టి తొందరగా పంపేయడం ఆస్పత్రికి లాభం అయింది. పూర్తిగా కోలుకోకముందే పంపేస్తున్నారన్న ఫిర్యాదులు వచ్చాయి. ఆస్పత్రుల్లో కేస్ మేనేజర్లు బలంగా వేళ్లూనుకున్నది ఆ నేపథ్యంలోనే. మరి మన సంగతి? 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ఈ లెక్క మీదే నడుస్తుంది: ఒక్కో చికిత్సకు ఒక్కో ప్యాకేజీ. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్‌దీ ఇదే పద్ధతి. పేదవాడికి పెద్దాస్పత్రి తలుపు తెరిచిన పథకాలివి, వాటి విలువను తగ్గించే ఉద్దేశం నాకు లేదు. కానీ మంచం తొందరగా ఖాళీ అయితే లాభం అన్న గణితాన్ని మనం తెచ్చుకున్నాం, ఆ గణితం వల్ల పుట్టే హానికి అక్కడివాళ్లు వెతుక్కున్న విరుగుడును మాత్రం ‘అది మన సంస్కృతి కాదు’ అని బయటే ఆపాం. నిజానికి ఈ పథకాలు కూడా వైద్యం గుమ్మం దగ్గర ఆగిపోదని కాగితం మీద ఒప్పుకున్నాయి. ఆయుష్మాన్ భారత్ డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు, పరీక్షల ఖర్చును ప్యాకేజీలో కలిపింది. ఆరోగ్యశ్రీలో కొన్ని చికిత్సలకు విడిగా ఫాలోఅప్ ప్యాకేజీలున్నాయి. ఆస్పత్రిలో ఈ పథకాల కౌంటరు దగ్గర ఆరోగ్యమిత్ర కూర్చుంటారు. కానీ ఆ కౌంటరు పని చాలావరకు నమోదు, అనుమతి, క్లెయిము కాగితాల చుట్టూ తిరుగుతుంది. రోగి ఊరు చేరాక ఆ కౌంటరుకూ అతనికీ మధ్య ఏ దారమూ మిగలదు.

అసలు మనకు ఇది చేతకాదని అనడమే మనల్ని మనం తక్కువ చేసుకోవడం. మన దేశం ఒక రకం రోగుల విషయంలో అప్పగింతను క్రమపద్ధతిలో చేస్తోంది: బాలింతలు, పసిబిడ్డలు. 2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రసవం తర్వాత తల్లీబిడ్డల్ని ఉచితంగా ఇంటికి చేర్చడాన్ని హక్కుగా ప్రకటించింది. తెలుగు రాష్ట్రాల్లో 102 వాహనం వాళ్లను ఇంటి గుమ్మం దగ్గర దింపుతుంది. ఆస్పత్రిలో కాన్పయిన బిడ్డ దగ్గరికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లాలని నియమం. బిడ్డ బరువు చూడటం, ఒళ్లు వేడిగా ఉందో చల్లబడిందో చూడటం, పాలు పట్టే తీరు గమనించడం, ప్రమాద సూచనలుంటే వెంటనే పంపడం ఆమె పని. ఇదంతా ఎక్కడో విదేశంలో పుట్టింది కాదు. ప్రాణహితకు అవతలి ఒడ్డున ఉన్న గడ్చిరోలి జిల్లా పల్లెల్లో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ గ్రామీణ స్త్రీలకు నేర్పి ఇంటిదగ్గరే నవజాత శిశువుల సంరక్షణ చేయించారు. ఆ పల్లెల్లో నెలలోపు శిశు మరణాలు, పోల్చిచూసిన పల్లెలతో లెక్కేస్తే, 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్‌లో ప్రచురించారు. ఆ అనుభవం జాతీయ కార్యక్రమానికి దారి చూపింది. క్షయ రోగి విషయంలోనూ అంతే. ఊరు మారితే అతని వివరాలు నిక్షయ్ అనే ఆన్‌లైన్ నమోదు వ్యవస్థ ద్వారా కొత్త ఊరి కేంద్రానికి బదిలీ అవుతాయి, మందు మింగించే బాధ్యత పేరు రాసి ఉన్న ఒక మనిషి మీద ఉంటుంది. కేరళ 2008లో పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించి, మంచాన పడినవాళ్ల ఇళ్లకు నర్సుల్ని పంపే బాధ్యతను పంచాయతీల దాకా తీసుకెళ్లింది. ఉమ్మడి కుటుంబాలూ పేదరికమూ సిబ్బంది కొరతా ఉన్న దేశంలోనే ఇవన్నీ జరిగాయి.

మరి బాలింతకు చేసింది పక్షవాతం వచ్చిన మనిషికి ఎందుకు చేయలేదు? చేతగాక కాదు. శిశు మరణాల్ని రాష్ట్రాలవారీగా లెక్కపెడతారు, ఆ అంకె పెరిగితే కలెక్టరు దగ్గర్నుంచి ఏఎన్‌ఎం దాకా సంజాయిషీ చెప్పాలి. యాభై ఐదేళ్ల ఆటో డ్రైవరు డిశ్చార్జయిన నలభయ్యో రోజున ఇంట్లో పోతే అది ఎవరి లెక్కలోకీ రాదు. గుండె జబ్బు, పక్షవాతం, మధుమేహం, కిడ్నీ జబ్బు ముదిరి మన ఆస్పత్రుల మంచాలు నిండుతున్న కాలంలో, ఫాలోఅప్ అనేది ఇంకా కాన్పుకూ క్షయకూ మాత్రమే పరిమితం కావడం వెనక వైద్యపరమైన కారణం ఏదీ లేదు.

ఇక్కడ ఇంకో నిజం కూడా చెప్పాలి. అందుకునేవాళ్ల పేరు కాగితం మీద లేకపోయినా, తెలుగు పల్లెల్లో డిశ్చార్జయిన రోగిని వాస్తవంగా అందుకునే మనిషి ఒకడున్నాడు. అతను ఆర్‌ఎంపీ. ఆస్పత్రి ఫైలు ముందుగా చదివించుకునేది అతని దగ్గరే. మిగిలిన ఇంజక్షన్ల కోర్సు అతనే వేస్తాడు, కట్టు మారుస్తాడు, సెలైన్ పెడతాడు, ఫలానా మాత్ర మానేయమంటాడు. అర్హత లేని వైద్యమని చట్టం అంటుంది, ఆ మాటతో నాకు పేచీ లేదు. వాళ్ల చేతిలో జరిగే హాని, ముఖ్యంగా యాంటీబయాటిక్కులు, స్టెరాయిడ్లు ఇష్టమొచ్చినట్టు వాడటం, నిజమైన హాని. కానీ రోగి అతని దగ్గరికి వెళ్లడం మూర్ఖత్వం కాదు. రాత్రి పదింటికి ఫోనెత్తి ఇంటికి వచ్చేది అతనొక్కడే. కుటుంబమే చూసుకుంటుంది అని చెప్పేవాళ్లు గమనించని సంగతి ఇది. కుటుంబం ఒంటరిగా చూసుకోలేకే అతన్ని పిలుస్తోంది. పెద్దాస్పత్రి వదిలేసిన ఖాళీలోకే అతను వచ్చాడు. ఆ ఖాళీని నింపగల అర్హులు ఈ రోజు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో క్లినిక్కులు, శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నారు, 2023లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం డాక్టరును 104 వాహనంలో పల్లెకు తీసుకెళ్లే ఆలోచనతోనే వచ్చింది. తెలంగాణలో పల్లె దవాఖానాలు, నగరంలో బస్తీ దవాఖానాలు ఉన్నాయి. వాళ్లకు తమ ఊరి మనిషి ఫలానా ఆస్పత్రి నుంచి ఫలానా రోజు ఇంటికొచ్చాడని చెప్పేవాళ్లే లేరు. డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరుకు సమ్మరీ జోడిస్తే చాలుగా అనేవాళ్లున్నారు. జోడించాలి, అది ఉపయోగమే. కానీ ఫైలు సర్వరులో ఉన్నంత మాత్రాన ఎవరూ ఆ ఇంటి తలుపు తట్టరు.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన అభ్యంతరానికి వద్దాం: కేస్ మేనేజ్‌మెంట్ అమెరికాలోనే విఫలమైంది కదా అన్నది. న్యూజెర్సీలోని కామ్డెన్ పట్టణంలో డాక్టర్ జెఫ్రీ బ్రెన్నర్ మొదలుపెట్టిన ప్రయత్నం దీనికి ఉదాహరణగా చూపిస్తారు. మాటిమాటికీ ఆస్పత్రిలో చేరే రోగుల్ని వెతికి పట్టుకుని, నర్సులూ సామాజిక కార్యకర్తలూ ఇళ్లకు వెళ్లి, డాక్టరు అపాయింట్‌మెంట్ల దగ్గర్నుంచి మందుల దాకా చూసే పద్ధతి అది. 2011లో సర్జన్, రచయిత అతుల్ గవాండే దీని గురించి న్యూయార్కర్‌లో రాశాక దేశమంతా పేరొచ్చింది. తర్వాత 800 మంది రోగులతో, లాటరీ పద్ధతిలో జట్లు విడదీసి పరీక్షిస్తే, ఆరు నెలల్లో మళ్లీ ఆస్పత్రిలో చేరినవాళ్లు సేవలందిన జట్టులో 62.3 శాతం, అందని జట్టులో 61.7 శాతం. తేడా లేదు. 2020లో వచ్చిన ఈ ఫలితాన్ని తోసిపుచ్చడం నిజాయితీ కాదు. దాన్నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. అత్యంత చెడ్డ దశలో ఉన్నవాళ్లను ఎంచుకుంటే కొన్నాళ్లకు వాళ్లలో చాలామంది పరిస్థితి ఎలాగూ కొంత సర్దుకుంటుంది. అలా సర్దుకున్నదాన్ని మన గొప్పగా చెప్పుకోకూడదు, పోల్చిచూసే జట్టు లేకుండా ఏ కార్యక్రమాన్నీ మెచ్చుకోకూడదు. ఇల్లు లేని మనిషికి, వ్యసనంలో కూరుకుపోయిన మనిషికి ఫలానా చోటికి వెళ్లు అని దారి చూపితే సరిపోదు, ఆ చోటు అంటూ ఒకటి ఉండాలి.

కానీ ఇదొక్కటే సాక్ష్యం కాదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మేరీ నేలర్ బృందం 363 మంది వృద్ధ రోగులతో చేసిన ప్రయోగం 1999లో వచ్చింది. ప్రత్యేక శిక్షణ ఉన్న నర్సు ఆస్పత్రిలోనే రోగిని కలిసి, ఇంటికెళ్లాక నాలుగు వారాల పాటు వెంట ఉంది. 24 వారాల్లో తిరిగి చేరినవాళ్లు మామూలు జట్టులో 37.1 శాతం, ఈ జట్టులో 20.3 శాతం. బోస్టన్‌లో 749 మందితో చేసి 2009లో ప్రచురించిన ప్రయోగం ఇంకా సాదాసీదాగా ఉంది. రోగికి అర్థమయ్యే భాషలో, బొమ్మలతో ఒక చిన్న పుస్తకం, అపాయింట్‌మెంటు ముందే ఖాయం చేసే నర్సు, రెండు నుంచి నాలుగు రోజుల్లో ఫార్మసిస్టు నుంచి ఒక ఫోను. నెలరోజుల్లో ఎమర్జెన్సీకీ వార్డుకీ కలిపి ఆస్పత్రి వాడకం దాదాపు 30 శాతం తగ్గింది. అన్ని ప్రయోగాల్నీ కలిపి తూచిన కాక్రేన్ సమీక్ష అయితే పెద్ద అద్భుతమేమీ చూపించదు. ఆస్పత్రిలో ఉండే కాలం కాస్త తగ్గుతుందని, వృద్ధ రోగులు మళ్లీ చేరడం కొంత తగ్గుతుందని చెబుతుంది. నాకు ఈ సాక్ష్యంలో కనిపించేది ఇది: కేస్ మేనేజ్‌మెంట్ అనే పేరు కింద చాలా వేర్వేరు పనులు నడుస్తున్నాయి. అప్పగింత ఆస్పత్రిలోనే మొదలై, తెలిసిన మనిషే ఇంటిదాకా వెంట వెళ్లినచోట ఫలితం కనబడింది. సేవలే లేనిచోట దారి చూపే పని మాత్రమే పెట్టినప్పుడు కనబడలేదు. కొన్ని ఆపరేషన్లు కొందరికి పనిచేయవని తేలితే ఎవరికి పనిచేస్తాయో వెతుకుతాం, సర్జరీ మొత్తాన్నీ మానేయం. ఇక్కడ మాత్రం ఒక్క ప్రయోగం చూపించి పుస్తకం మూసేస్తున్నాం.

ఇంతకీ డిశ్చార్జి బాగా జరిగిందో లేదో దేన్ని బట్టి నిర్ణయించాలి? ఈ ప్రశ్నలో పొరపాటు పడితే మంచి ఉద్దేశం కూడా హాని చేస్తుంది. అమెరికా 2012 అక్టోబరు నుంచి, నెలలోపు తిరిగి చేరే రోగులు ఎక్కువగా ఉన్న ఆస్పత్రులకు జరిమానా వేయడం మొదలుపెట్టింది. జరిమానా మెడికేర్ చెల్లింపుల్లో 3 శాతం దాకా పెరిగింది. తిరిగి చేరడాలు తగ్గాయి. కానీ అదే కాలంలో గుండె వైఫల్యం, న్యుమోనియా రోగుల్లో డిశ్చార్జి తర్వాత నెలలోపు మరణాలు పెరిగాయని 2018లో జామా వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూపించింది. దానికి జరిమానాలే కారణమా అన్న వాదన పరిశోధకుల మధ్య సాగింది. ఏది తేలినా మనకు హెచ్చరిక ఒకటి ఉంది. మన దగ్గర ఈ కొలత ఇంకా ప్రమాదకరం. ఇక్కడ రోగి తిరిగి రాలేదంటే కోలుకున్నాడని అర్థం కాదు. చేతిలో డబ్బు అయిపోయి ఉండవచ్చు, వేరే ఆస్పత్రికి వెళ్లి ఉండవచ్చు, ఇంట్లోనే ప్రాణం పోయి ఉండవచ్చు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం ప్రైవేటు ఆస్పత్రిలో ఒకసారి చేరితే సగటు ఖర్చు 31,845 రూపాయలు. అంత పెట్టినవాడు రెండోసారి ఆ మెట్లెక్కడానికి వెనకాడతాడు, ఆ వెనకాడటం ఆస్పత్రి రికార్డులో విజయంగా నమోదవుతుంది. అందుకే కొలత ఆస్పత్రిలో కాకుండా ఇంటి దగ్గర జరగాలి. ఏడో రోజున రాసిన మందులు ఇంట్లో ఉన్నాయా? పాతవి ఏవి ఆపాలో వాళ్లకు తెలుసా? ఎవరైనా వెళ్లి చూశారా? ప్రమాద సూచనలు ఇంటి మనిషి సొంత మాటల్లో చెప్పగలుగుతోందా? యూరిన్ పైపు తీయాల్సిన తేదీ ఎవరికైనా గుర్తుందా? నెల తర్వాత మనిషి బతికి ఉన్నాడా, నడుస్తున్నాడా, పనికి వెళ్లగలుగుతున్నాడా? చాలా ఆస్పత్రుల నుంచి డిశ్చార్జి తర్వాత ఇప్పటికే ఒక ఫోను వస్తుంది, సేవలు ఎలా ఉన్నాయో చెప్పమని. ఆ ఫోనులోనే మందుల సంగతి అడిగితే అది వైద్యం అవుతుంది.

డబ్బూ మనుషులూ లేరన్న మాటకు వస్తే, ఇది కొత్త కేడరును కోరే పని కాదు. డాక్టరు మీద ఇంకో పని మోపడం కూడా కాదు. రోగి చేరిన రెండో రోజు నుంచే ఇంటి మనిషిని పక్కన నిలబెట్టుకుని, ట్యూబు ఫీడు ఎలా పోస్తారో చూపించి, ఆమె చేతనే చేయించి చూడటం నర్సుకు అదనంగా పట్టే సమయం కొద్దిగానే. వెళ్లిపోయే రోజు మధ్యాహ్నం ఒక్కసారిగా చెప్పబోతే అది ఎవరికీ ఎక్కదు. వార్డుల్లో నర్సులు చాలడం లేదన్నది నిజమే, దానికోసం విడిగా పోరాడాల్సిందే. కానీ తుంటి మీద పుండుతో మళ్లీ వచ్చి వారాలపాటు మంచం పట్టే రోగి ఆ నర్సుల సమయమే ఎక్కువ తింటాడు. ఆస్పత్రుల నాణ్యతకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాలు ఫాలోఅప్ సలహా, మందుల వివరాలు అర్థమయ్యే రీతిలో ఉండాలని, అత్యవసరమైతే ఎప్పుడు ఎలా సహాయం పొందాలో సమ్మరీలో రాయాలని ఇప్పటికే చెబుతున్నాయి. తెలుగు మాత్రమే చదవగలిగే మనిషికి ఇంగ్లిషు సమ్మరీ ఏ రీతిలో అర్థమవుతుందో తనిఖీకి వచ్చేవాళ్లు అడగాలి. ఊళ్లో చూసి రావడానికయ్యే ఖర్చు ఎంతో తెలుసుకోవాలంటే, పసిబిడ్డను ఆరుసార్లు చూసి వచ్చే ఆశాకు నిర్ణయించిన పారితోషికం చూస్తే చాలు: 250 రూపాయలు. ఆ మొత్తం ఆమె శ్రమకు చాలా తక్కువని నా అభిప్రాయం, పెద్ద రోగుల పని అప్పగిస్తే దాన్ని ఎన్నో రెట్లు పెంచాలి. ఎన్ని రెట్లు పెంచినా అది ఒక గుండె ఆపరేషన్ ప్యాకేజీ పక్కన చిన్న మొత్తంగానే ఉంటుంది.

చివరగా, ఇది కూడా ఇంకో ఫారంగా, టిక్కులు పెట్టి సంతకం చేయించుకునే మరో కాగితంగా మారిపోతుందని అనుభవజ్ఞులైన డాక్టర్లు చెప్పే భయం ఉంది. ఆ భయానికి ఆధారాలున్నాయి, మన ఆస్పత్రుల్లో కౌన్సెలింగ్ చేసినట్టు సంతకాలు ఎన్నో ఫైళ్లలో ఉంటాయి. అందుకే నేను అడిగేది పెద్ద ఫారం కాదు. సమ్మరీ అట్టడుగున ‘వారం తర్వాత రివ్యూ’ అనే వాక్యం పక్కన ఒక్క గడి చాలు: ఈ రోగిని ఎవరికి అప్పగించాం, వాళ్ల పేరు, ఫోను నంబరు, అందుకున్నట్టు వాళ్ల సమాధానం వచ్చిన తేదీ. పీహెచ్‌సీ డాక్టరు కావచ్చు, పల్లె దవాఖానా నర్సు కావచ్చు, బస్తీ దవాఖానా కావచ్చు. ఆ గడి నిండనిదే ప్యాకేజీలో చివరి వాయిదా ఆస్పత్రికి విడుదల కాకూడదు. క్లెయిము కాగితాల్లో ఒక్క సంతకం లేకపోతే డబ్బు ఆపగలిగే ఆరోగ్యశ్రీ ట్రస్టుకు ఈ గడి చూసి ఆపడం కొత్త పని కాదు.